అడిగి ముట్టుకున్న చెయ్యి

మా పెద్ద సిస్టర్ పోయారని నాకు ఫోన్ చేసి చెప్పినవాడు, ఒకప్పుడు ఆమెను బడి నుంచి వెళ్లగొట్టాలని గేటు ముందు గొంతు చించుకున్నవాడే. ఇప్పుడు బస్తీలో పెద్దమనిషి. "మన అమ్మ పోయింది సార్" అంటూ ఏడ్చాడు. అంతలోనే తేరుకుని, "సంతాపసభకు మీరు నాలుగు మంచి మాటలు రాసుకొని రావాలె. గా గేటు లొల్లి మాత్రం వద్దు సార్. ఇప్పుడెందుకు గవన్నీ" అన్నాడు.

సభకు నేను వెళ్లలేదు. ఆ నాలుగు మాటలు ఇక్కడ రాస్తున్నాను, గేటుతో సహా.

హైదరాబాద్ పాతబస్తీలో చిన్న కాథలిక్ బడి మాది. ఐదో తరగతి వరకే. గౌలిపుర పాలవాళ్ల హిందూ పిల్లలూ మొఘల్‌పురా ముస్లిం పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చునేవారు. కాథలిక్ పిల్లలు గుప్పెడు మంది. నేను తెలుగు చెప్పేవాణ్ణి. నాకు దేవుడి మీద నమ్మకం లేదని చేరిన రోజే హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్న పెద్ద సిస్టర్‌కు చెప్పాను. "ఆయనకు మీ మీద ఉన్నదేమో సార్, మనకేం ఎరుక" అని చాక్‌పీస్ డబ్బా నా చేతిలో పెట్టారు.

ఆమెది కేరళ. తెలుగు ఇక్కడే నేర్చుకున్నారు. నేను ఆమె మాటలు దిద్దబోతే, "మీ తెలుగు పుస్తకంల ఉంటది సార్. నాది పాలు పోసే అవ్వ నేర్పింది. పిల్లలకు రెండూ కావాలె" అనేవారు. మధ్యాహ్నపు ప్రార్థన గంట సరిగ్గా నా పద్యం నడుమ మోగేది. దాని మీద ఏళ్ల తరబడి పోట్లాడాను. ఒక్కసారీ గెలవలేదు. అయినా నేను పనిచేసిన చోట్లన్నిటిలో, ఎదుటివాడు మాట్లాడుతుంటే చివరి దాకా విన్న మనిషి ఆమె ఒక్కరే.

ఆ సంవత్సరం విభూది బుధవారం నాడు జరిగింది చెబుతాను. క్రీస్తు శ్రమలను తలుచుకునే ఉపవాస దినాలు ఆ రోజుతో మొదలవుతాయి. ఎండిన మట్టలు కాల్చిన బూడిదతో నుదుటి మీద సిలువ గుర్తు పెడతారు. బడి ప్రార్థన గదిలో ఫాదర్ పెద్దవాళ్లకు పెడుతూ, చిన్నపిల్లల వరుసను కొత్తగా వచ్చిన చిన్న సిస్టర్‌కు అప్పగించారు. ఆమెకు ఏ పిల్ల ఎవరో ఇంకా తెలియదు. పళ్లెంలో బూడిద, ముందు వరుస. గుడిలో రోజూ చూసేదే అనుకుని గౌలిపుర పిల్లలు వచ్చి నిలబడ్డారు. స్నేహితురాలు నిలబడిందని, లాడ్ బజార్‌లో గాజులకు రాళ్లు అద్దే ఆయన కూతురూ నిలబడింది. చిన్న సిస్టర్ అందరికీ పెట్టింది.

బడి వదిలాక ఆ నుదుళ్లు గల్లీల్లోకి వెళ్లాయి. కాసేపటికే గేటు ముందు జనం. మామూలుగా ఒకరి వీధిలోకి ఒకరు రాని రెండు బస్తీలవాళ్లు ఆ రోజు మాత్రం భుజాలు కలిపి వచ్చారు. పిల్లలను కిరస్తానీల్లో కలిపేస్తున్నారని అరుపులు. ఒక రాయి వచ్చి బడి బోర్డుకు తగిలింది. మా స్టాఫ్‌రూమ్‌కు లోపలి నుంచి గడియ పడింది. ఆ గడియ వెనక ఉన్నవాళ్లలో ఇద్దరు, సిస్టర్ ధైర్యమే తమకు ఆదర్శమని మొన్నటి సభలో ప్రసంగించారట.

సిస్టర్ గేటు తెరిపించారు. నేను ఆమె వెనకే ఉన్నాను.

"ఎవరు పెట్టిన్రో ఆ పోరిని బయటికి తోలు!" అని అరిచాడు ఇప్పటి పెద్దమనిషి. అప్పటికి మీసం కూడా సరిగా రాలేదు.

సిస్టర్ తన కుడిచెయ్యి ముందుకు చాపారు. "ఇగో, ఇదే. ఈ బడిల ఏ చెయ్యి తప్పు చేసినా గది నా చెయ్యే."

"నువ్వు పెట్టలే. మాకు ఎరుకే!"

"ఎరుకైతే ఇంక నన్నెందుకు అడుగుతున్నవ్ బిడ్డా?"

గుంపులోంచి పాలు పోసే అవ్వ గొంతు లేచింది. "ఏందిరా గింత లొల్లి? మా పోరడు ఉరికి ఉరికి పెట్టిచ్చుకున్నడు. ఇంట్ల మొకం కడుక్కోమంటే మాత్రం ఉరకడు."

ఎవరో నవ్వారు. ఎవరో ఆమెను కసిరారు. ఆ సందులో సిస్టర్ గొంతు పెంచారు. "పిల్లల తప్పు లేదు. తప్పు మాది. మిమ్మల్ని అడగకుండ మీ పిల్లల నుదురు ముట్టుకున్నం. మాఫ్ చెయ్యున్రి." వచ్చినవాళ్లు ఒక్కొక్కరే కదిలారు.

అరవనివాడు ఒక్కడున్నాడు. ఆ గాజుల ఆయన. కూతురి నుదుటిని చొక్కా అంచుతో తుడుస్తూనే ఉన్నాడు. తోలు ఎర్రబడేదాకా తుడిచాడు. "అబ్బా, మేరా బస్తా" అని పిల్ల తండ్రిని పట్టుకుని ఏడ్చింది. పుస్తకాల సంచి తరగతిలో ఉండిపోయింది.

"బస్తా నక్కో. స్కూల్ భీ నక్కో. చల్" అన్నాడు. బడే వద్దు. పద్యం ఒక్కసారి వింటే అప్పజెప్పే పిల్ల అది.

మర్నాడు సాయంత్రం సిస్టర్ ఆ సంచి పట్టుకుని మొఘల్‌పురాలో వాళ్లింటికి బయలుదేరారు. నాకు ఉర్దూ బాగా వచ్చని నన్నూ రమ్మన్నారు. తలుపు తెరుచుకోలేదు. మెట్టు మీద కూర్చుని, ఆ రోజు చెప్పిన పాఠం గట్టిగా చదివారు. ఆ మర్నాడూ అంతే. గల్లీలో కుర్రాళ్లు "ఆగయీ సిస్టరమ్మా!" అని ఈలలు వేసేవారు. ఒకరోజు కిటికీలోంచి ఎవరో మా మీద నీళ్లు కుమ్మరించారు. తడిసిన పుస్తకాన్ని ముసుగు అంచుతో అద్దుకుని, ఆపిన వాక్యం నుంచే మళ్లీ మొదలుపెట్టారు.

చివరికి ఆయనే బయటికి వచ్చాడు. "సిస్టర్, మీరు పోండి. గల్లీ అంత చూస్తున్నది. నాకు బేఇజ్జతి."

"నేను మీ ఇంట్లకు రాను భాయ్. పిల్ల బడికి రాలేదని బడే పిల్ల కాడికి వచ్చింది, గంతే."

ఆయన తలుపు వేసుకున్నాడు. మేం మళ్లీ వెళ్లాం. అలా వెళ్తుండగా ఒక సాయంత్రం పిల్ల నాయనమ్మ పరదా తొలగించి, "సిస్టర్ జీ, అందర్ ఆవో" అని లోపలికి పిలిచింది. పిల్ల జ్వరంతో పడుకుని ఉంది. సిస్టర్ వంగి, నుదుటి మీద పెట్టబోయిన చేతిని గాలిలోనే ఆపేశారు.

"ముట్టుకోనా?" అని పిల్లను అడిగారు. ఆ తర్వాత తండ్రి వైపు చూశారు.

ఆయన గోడ వైపు తిరిగి, "గా దినం గిట్ల అడిగుంటే లొల్లే లేకుండె" అన్నాడు.

"సచ్ బోలే భాయ్. నిజమే, అడగాలె ఉండె."

"చూడున్రి మరి. మస్తు కాలుతున్నది."

జ్వరం తగ్గాక పిల్ల బడికి వచ్చింది. ప్రార్థన వేళకు నా తరగతిలో కూర్చునేది. ఆ ఏడు నుంచి విభూది బుధవారం నాడు సిస్టర్ స్వయంగా ప్రార్థన గది వాకిట్లో నిలబడి, అటు నడిచే ప్రతి పిల్లనూ "ఇంట్ల అడిగినవా?" అని అడిగేవారు. ఒళ్లు వెచ్చగా ఉందని ఎవరైనా వస్తే, ముందు "ముట్టుకోనా?". అల్లరి పిల్లలు "ముట్టుకో సిస్టర్, పర్మిషన్ ఇస్తున్న!" అని నుదురు ముందుకు తోసేవారు. ఆమె మాత్రం నవ్వకుండా "థ్యాంక్యూ" చెప్పి అప్పుడు చెయ్యి పెట్టేవారు. నేను చదివిన పుస్తకాలు ఇల్లంతా ఉన్నాయి. ఎదుటివాడి మీద చెయ్యి వేసేముందు ఆగాలని వాటిలో ఏదీ నాకు నేర్పలేదు.

అంత్యక్రియల నాడు ఆమెను బడి హాల్లో పడుకోబెట్టారు. పెద్దమనిషి పెద్ద దండ వేశాడు. ఎదురుగా ఫోన్లు పట్టుకున్న కుర్రాళ్లకు బాగా కనిపించేలా తిరిగి, ఆమె నుదుటి మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. ఆ చెయ్యి పట్టుకుని లాగేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

అతని వెనక వరుసలో బుర్ఖా వేసుకున్న ఒకామె నిలబడి ఉంది. శవపేటిక దగ్గరికి వచ్చాక ముఖం మీది పరదా పైకి ఎత్తింది. ఇప్పుడు వేరే బడిలో లెక్కలు చెబుతున్న ఆ గాజుల ఆయన కూతురు. వంగి, చెయ్యి చాపి, సిస్టర్ నుదుటికి జానెడు ఎత్తులో ఆపింది.

"సిస్టర్, ముట్టుకోనా?"

వెనక జనం తోసుకుంటున్నారు. "జల్ది కానియ్యమ్మా" అన్నాడు పెద్దమనిషి. ఆమె వినలేదు. జవాబు కోసం ఆ చెయ్యి గాలిలో అలాగే ఆగి ఉంది.