రాత్రికి ముద్ద ఒకటి

2015 జూన్‌లో, బడులు తెరిచిన వారంలోనే, నేను ఆత్మకూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డైటీషియన్‌గా చేరాను. ముప్పై పడకల ఆసుపత్రి. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. అంతకుముందు నెల్లూరులో పన్నెండేళ్ళు పనిచేశాను. పుట్టింది కోవూరు వైపు, వరిచేల మధ్య. ఆసుపత్రిలో డైటీషియన్ స్థానం విచిత్రంగా ఉంటుంది. డాక్టర్ల మీటింగులో కూర్చోబెడతారు గాని, అడిగితేనే నోరు విప్పాలి. వంటగది మీద అధికారం మనదే అంటారు గాని వంటమనిషి మన మాట వినదు. నాకిచ్చిన గది ఎక్స్‌రే గదికీ మరుగుదొడ్డికీ మధ్య ఉండేది. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది ఆ రెండింటిలో ఏదో ఒకటి వెతుక్కుంటూ వచ్చినవాళ్ళే.

మా పని ఏమిటో చాలామందికి తెలియదు కాబట్టి రెండు మాటలు చెబుతాను. రోగి రోజు మొత్తం తినే తిండిలో పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వు ఎన్నేసి గ్రాములు ఉండాలో బరువునూ జబ్బునూ బట్టి లెక్క కడతాం. ఆ గ్రాములను పూటలవారీగా పంచుతాం. తర్వాత గ్రాములు అనే మాటే కనపడకుండా ఇడ్లీలు, కప్పులు, గరిటెలుగా మార్చి కాగితం మీద రాసిస్తాం. అదే డైట్ షీట్. దానికంటే ముందు రోగి ఇప్పుడేం తింటున్నాడో తెలియాలి. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏమేం తిన్నారు, ఎంతెంత తిన్నారు అని వరసగా అడిగి రాసుకుంటాం. దీన్ని రీకాల్ అంటాం. ఇన్సులిన్ వాడేవాళ్ళ విషయంలో రీకాల్ మరీ ముఖ్యం. ఏ పూట ఎంత పిండిపదార్థం లోపలికి పోతుందో చూసుకున్నాకే డాక్టరు ఆ పూట సూది మోతాదు రాస్తాడు. తిండి తక్కువై సూది ఎక్కువైతే రక్తంలో చక్కెర పడిపోతుంది. మరీ పడిపోతే ముందు దెబ్బతినేది మెదడు.

చేరిన కొత్తలో మర్రిపాడు నుంచి పెద్దయ్య అనే గొర్రెల కాపరి వచ్చాడు. షుగర్ రోగి. పొద్దున రెండు ముద్దలు, రాత్రి రెండు ముద్దలు తింటానన్నాడు. మా వైపు ముద్ద అంటే నోట్లో పెట్టుకునేంత అన్నం. రోజుకు నాలుగు ముద్దలతో ఈ మనిషి గొర్రెల వెంట ఎలా నడుస్తున్నాడా అని జాలిపడి, పైన ఆరు ఇడ్లీలూ గ్లాసుడు పాలూ కలిపి రాశాను. నెల తర్వాత మూడు కిలోల బరువు, దాంతోపాటు షుగర్ కూడా పెంచుకొని వచ్చాడు.

"ముద్దంటే ఏందనుకున్నావమ్మా?" అని రెండు దోసిళ్ళూ దగ్గరకు చేర్చి చూపించాడు. "ఇంత ఉంటాది. సంగటి ముద్ద."

బయట కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత మూడు ఆదివారాలు వంటింటి త్రాసు సంచిలో వేసుకొని మర్రిపాడు వైపు ఊళ్ళు తిరిగాను. ఏ ఇంట్లో రాగిపిండితో సంగటి కెలికితే ఆ ఇంట్లో ముద్ద తూచాను. సుమారు మూడు వందల గ్రాములు, అందులో పిండిపదార్థం అరవై గ్రాములు అని తేల్చుకున్నాను. ఒక చార్టు గీయించి నా గది గోడకు అంటించాను. జిల్లా సమావేశంలో ఆ చార్టు చూపించి మెప్పు కూడా పొందాను. ఈ ప్రాంతం మాట నాకు తెలుసు అనే ధీమా నాకు అక్కడే మొదలైంది.

2018 ఆగస్టులో సుగుణమ్మ టీచర్ వచ్చారు. ఉదయగిరిలో ప్రాథమిక పాఠశాలలో చేసి రిటైరయ్యారు. అరవై ఒక్క ఏళ్ళు, యాభై ఆరు కిలోలు. అప్పటికే ఇన్సులిన్ వాడుతున్నారు. వెంట కూతురు ప్రమీల. తల్లీకూతుళ్ళు ఇద్దరే ఉంటారు. టీచర్‌కు కుడిపాదం మీద పుండు, చీము పట్టి ఉంది. పొద్దుటి షుగర్ మూడు వందలు దాటింది. కాలు పోతుందేమోనన్న భయం ఇద్దరి మొహాల్లోనూ ఉంది. పుండు మానాలంటే మాంసకృత్తులు కావాలి. కిలోకు ఒకటిన్నర గ్రాము లెక్కన రోజుకు ఎనభై నాలుగు గ్రాములు వేశాను.

అప్పటికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. బయట ఇంకా పదిమంది ఉన్నారు. నేను ఫారం మీద తల వంచి ఒక్కో పూట అడుగుతూ రాసుకుపోతున్నాను. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం అయ్యాయి. రాత్రికి?

"రెండు ముద్దలు తింటానమ్మా, అంతే" అన్నారు టీచర్.

సంగటి ముద్ద రెండు, పిండిపదార్థం నూట ఇరవై గ్రాములు అని రాశాను. షుగర్ మూడు వందలు ఎందుకుందో తెలిసిపోయిందనుకున్నాను. "రాత్రిపూట రెండు ముద్దలేమిటి టీచర్, ఒకటికి తగ్గించండి" అన్నాను, కాస్త గట్టిగానే.

"ఇంకా తగ్గించాలంటావా?" అన్నారామె.

ఈ మాట మాకు రోజుకు పదిసార్లు వినపడుతుంది. తిండి తగ్గించమంటే బేరమాడని రోగి ఉండడు. ఇదీ అలాంటిదే అనుకున్నాను. డైట్ షీటులో మధ్యాహ్నానికి అన్నం ఒక కప్పు అనీ, రాత్రికి ముద్ద ఒకటి, పప్పు ఒక కప్పు, గుడ్డు తెల్లసొన రెండు అనీ రాసిచ్చాను. పెద్ద డాక్టరు నా లెక్క చూసి రాత్రి ఇన్సులిన్ పెంచారు. పుండుకు యాంటీబయాటిక్స్ రాసి, పదిహేను రోజుల తర్వాత రమ్మన్నారు. ప్రమీల షీటు నాలుగు మడతలు పెట్టి బైబిల్లో దాచుకుంది.

ఆ రెండు వారాల్లో జరిగింది తర్వాత తెలిసింది. షుగర్ పెరగడానికి అసలు కారణం కాలిలోని చీము. మందులకు చీము తగ్గుతూ వచ్చింది, దాంతో షుగర్ కూడా దిగుతూ వచ్చింది. పదో రోజు ఉదయగిరిలో పరీక్ష చేయిస్తే బాగా తగ్గిందని తేలింది. ఇద్దరూ సంతోషించి మందులూ తిండీ చెప్పినట్టే కొనసాగించారు. పదమూడో రోజు పొద్దున ప్రమీల లేపబోతే తల్లి లేవలేదు. ఒళ్ళంతా చెమటతో తడిసి ఉంది. ఊళ్ళోనే గ్లూకోజ్ ఎక్కించి మా దగ్గరికి పంపారు. చక్కెర పెరిగింది గాని స్పృహ రాలేదు. అప్పటికే చాలా గంటలు గడిచిపోయాయి.

పెద్ద డాక్టరు నన్ను పిలిపించి, రాత్రి ఎంత తింటోందన్నారు. అరవై గ్రాములు ముద్దలో, పైన పప్పు అన్నాను. ఆయన ప్రమీలను అడిగారు.

"ఒక్క ముద్దే సార్. మేడం రాసినట్టే" అంది ప్రమీల. "పప్పు, గుడ్డు గూడా రాసినట్టే పెట్టినాను."

సంగటి రోజూ వండుతారా అన్నాను నేను. ఎందుకడిగానో నాకే తెలియదు.

"మేం సంగటి తినం మేడం. అమ్మకు పడదు. అన్నమే."

ఆమె తన తల్లికి పన్నెండు రోజులు రాత్రిపూట నోట్లో పట్టేంత అన్నం ఒక్కటంటే ఒక్క ముద్ద పెట్టింది. అందులో పిండిపదార్థం ఐదు గ్రాములుంటే ఎక్కువ. అంత తక్కువేమిటని వాళ్ళకు అనుమానం రాలేదు. రాత్రిపూట తక్కువ తినమని అందరూ చెప్పేదే. పైగా మేడం రాసిచ్చిన పథ్యం, తినేది టీచర్. రాసింది రాసినట్టు చేయడం ఆమెకు ఉద్యోగంలో అలవాటైన పని. అసలు వచ్చిన రోజున ఆమె తింటున్నదే అలాంటి ముద్దలు రెండు. షుగర్ పెరుగుతుందన్న భయంతో అప్పటికే కడుపు మాడ్చుకుంటున్న మనిషిని నేను ఇంకా తగ్గించమని గదమాయించాను.

మా దగ్గర చేర్చిన తొమ్మిదో రోజు సుగుణమ్మ టీచర్ చనిపోయారు. ఆ సాయంత్రం డ్యూటీ డాక్టరు కేసు షీటు పూర్తిచేసి, ఆహారం భాగం కింద నా సంతకానికి పంపాడు. అందులో చక్కెర పడిపోవడానికి కారణం అన్నచోట "రోగి సూచించిన ఆహారం తీసుకోలేదు" అని ఉంది. ఇలాంటి సందర్భాల్లో మామూలుగా రాసే వాక్యమే అది. నేను సంతకం పెట్టాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. రెండు రోజులు ఆ వాక్యాన్ని మోసుకు తిరిగాను. సూచించిన ఆహారం నూటికి నూరుపాళ్ళు తీసుకున్న రోగి నా ఉద్యోగంలో ఆమె ఒక్కరే. మూడో రోజు రికార్డు గదికి వెళ్ళి ఆ వాక్యం కింద జరిగింది జరిగినట్టు రాసి, మళ్ళీ సంతకం, తేదీ వేశాను. పెద్ద డాక్టరుకు చూపించాను. ఆయన చదివి, నా లెక్కను తాను కూడా అడగకుండా ఒప్పుకున్నానని అంటూ తన సంతకం కూడా పెట్టారు. నాకు మెమో ఇచ్చారు. అది న్యాయమే.

తర్వాత ఉదయగిరి వెళ్ళాను. ఆదరణ కూడిక, అదే పరామర్శ ప్రార్థన, అయిపోయి చుట్టాలు బస్సులకు బయలుదేరుతున్నారు. ఇంటి ముందు అద్దె కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. వంటింట్లో బియ్యం డబ్బా పైన గోడకు నా డైట్ షీటు మేకుకు గుచ్చి ఉంది. ఏ రోజుకారోజు పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టి ఉంది. అవి టీచర్ పెట్టిన టిక్కులు. పన్నెండు ఉన్నాయి.

నేను నిలబడే చెప్పాను. నువ్వు పెట్టింది తక్కువ కాదు, నేను రాసింది తప్పు. మీ అమ్మ చెప్పిన ముద్ద ఒకటి, నేను రాసుకున్న ముద్ద ఇంకొకటి అని చెప్పాను.

"నేనే సరిగ్గా పెట్టక అమ్మను చంపుకున్నానని అనుకుంటా ఉండాను మేడం" అంది ప్రమీల. "మా పెద్దమ్మ గూడా అదే అనింది, అందరి ముందరా."

ఆ పెద్దమ్మతో నేను మాట్లాడతానన్నాను. ఇప్పుడెందుకులే అన్నట్టు తల ఊపింది. వీధి గుమ్మం దాకా వచ్చి, అక్కడ ఆగి అంది: "ఆ పొద్దు అమ్మ చేత్తో చూపించినాది గదా మేడం." కుడిచేతి ఐదు వేళ్ళూ కొసలు కలిపి, నోటి దగ్గరకు తీసుకుపోయేంత ముద్దగా పట్టి చూపించింది. "ఇట్ట. రెండు మాట్లు చూపించినాది. మీరు రాసుకుంటా ఉన్నారు."

నాకు గుర్తులేదు. నేను చూడలేదు కాబట్టి గుర్తుండే అవకాశం లేదు. మర్రిపాడు పెద్దయ్య దోసిళ్ళు మాత్రం ఈనాటికీ కళ్ళకు కట్టినట్టున్నాయి. అతను చూపించిన నాటికి నాకు ఏమీ తెలియదు, అందుకని తలెత్తి చూశాను.

ఆత్మకూరు తిరిగి వచ్చాక గోడ మీది చార్టు తీసేశాను. ఫారంలో ముద్ద అనే మాట వాడకూడదని రాతపూర్వకంగా ఉత్తర్వు వేయించాను. ఏం తిన్నారు, ఎంత తిన్నారు అన్న గడుల మధ్య "చేత్తో చూపించినది" అని ఒక గడి చేర్చాను. గదిలో ఖాళీ పళ్ళెం, బియ్యం డబ్బా, త్రాసు పెట్టాను. రాసిచ్చిన షీటును రోగి చేత పళ్ళెంలో పెట్టించి చూశాకే బయటికి పంపడం మొదలైంది. దీనివల్ల ఒక్కో రోగికి పది నిమిషాలు ఎక్కువ పట్టేది. బయట కూర్చున్నవాళ్ళు విసుక్కునేవాళ్ళు. నా దగ్గర పని నేర్చుకున్న ఇద్దరమ్మాయిలూ విసుక్కునేవాళ్ళు. విసుక్కోనిచ్చాను.

రెండేళ్ళ కిందట రిటైరయ్యే రోజు వాళ్ళకు పని అప్పగిస్తూ ఒక్క సూచనే ఇచ్చాను. రీకాల్ అడిగేటప్పుడు రోగి చెయ్యి పైకి లేస్తే, అది కిందికి దిగేదాకా కాగితం వైపు చూడొద్దని. ఎందుకని వాళ్ళు అడిగితే సుగుణమ్మ టీచర్ పేరు చెప్పి, రికార్డు గదిలో ఆ ఫైలు ఎక్కడుందో చూపించాను.