ఆమెన్ తరవాత వినిపించిన ఆయ్

అమలాపురంలో ఒకప్పుడు మాకో రేడియో స్టేషను ఉండేదంటే ఇప్పటి కుర్రాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి, ఉండేది. ఓ పెంకుటింటి వెనకగది. గోడలనిండా కొబ్బరిపీచు, దానిమీద గోనెసంచులు, కిటికీకి బొంత. బయటి చప్పుడు లోపలికి రాకుండా అంత కట్టుదిట్టం. ఆ గదిలో ఓసారి నేను తుమ్మితే నాకే వినబడలేదు, ఒట్టు.

స్తంభాలూ తీగలూ ఏమీ లేవు. సువార్త పాటలూ ప్రార్థనలూ అక్కడ రీలుమీద ఎక్కించి సముద్రం అవతలికి పంపేవారు. అక్కడి పెద్ద స్టేషను వాటిని గాలిలోకి వదిలేది. అంటే మా పాట ఓడెక్కి వెళ్ళి, గాలిలో తిరిగొచ్చి, మా అరుగుమీది ట్రాన్సిస్టర్‌లో దిగేదన్నమాట! ఆ వేళకి మా పేటలో ఈగలు కూడా రెక్కలు ముడుచుకుని కూర్చునేవి.

ఎనభైల మొదట్లో మా సంఘం పాట రికార్డు చేస్తామని కబురొచ్చింది. డోలక్ నాది. పాడేవాళ్ళలో మా మేనత్త ఒకతె. ఆవిడకి ఒకటే ఆశ. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన కూతురు, అంటే మా వదిన, అక్కడ రోజూ ఈ కార్యక్రమమే వింటుంది. అమ్మ గొంతు పోల్చుకోవాలి.

"మా అమ్మాయి పేరు ఓసారి చెప్పొచ్చాండీ?" అని రికార్డింగు చేసే ఆయన్ని అడిగింది.

"పేర్లు కుదరవండి. పాట, పాస్టరు గారి ప్రార్థన, ఆఖర్న అందరూ ఆమెన్. అంతేనండి."

అత్త మొహం వాడిపోయింది. "ఇంతమంది గొంతుల్లో నాది దానికెలా తెలుస్తాదిరా?" అని నా చెవిలో గొణిగింది.

పాట అదిరిపోయింది. నా డోలక్ దెబ్బకి గోడల పీచు రాలిందంటే నమ్మండి. పాస్టరు గారు ప్రార్థన ముగించారు. అందరం "ఆమెన్" అన్నాం. అంతా అయ్యాక, విడిగా, తీరిగ్గా, అత్త "ఆయ్" అంది.

మేక అరిచినా "ఆయ్" అనే మనిషి మరి!

రికార్డింగాయన రీలు వెనక్కి తిప్పాడు. "అమ్మగారూ, ఆమెన్ అనాలండి."

"ఆయ్."

"ఆయ్ కాదండి, ఆమెన్."

"ఆయ్. తెలిసిందండి."

మళ్ళీ ప్రార్థన, మళ్ళీ ఆమెన్, మళ్ళీ ఆయ్! ఈసారి కంగారులో ఇంకాస్త గట్టిగా. నేను నవ్వాపుకోలేక డోలక్ మీద పడ్డాను.

"ఏవిట్రా ఆ ఇకిలింపు, వెధవా!" అని అత్త నా డొక్కలో పొడిచింది.

"ఇంక టైము లేదండి," అన్నాడాయన దిగులుగా.

పాస్టరు గారు నవ్వేశారు. "ఆమెన్ అన్నా అలాగే అని ఒప్పుకోడవే కదండీ. దేవుడికి మన కోనసీమ భాష రాదంటారా? ఉంచెయ్యండి."

"ఆయ్," అనేసి రికార్డింగాయన నాలిక్కరుచుకున్నాడు.

కొన్ని నెలలకి ఓ సాయంత్రం మా పాట వచ్చింది. పేటంతా మా అరుగుమీదే. నేను రాగితీగ పట్టుకుని ఏరియల్‌నై నిలబడ్డాను. ఈలలూ గరగరలూ దాటుకుని పాట, ప్రార్థన, ఆమెన్... ఆపైన గంట కొట్టినట్టు "ఆయ్"! పేట గొల్లుమంది. అత్త కొంగు మొహంమీద కప్పుకుంది.

"పాటలో నా గొంతేదో నాకే తెలీలేదు. ఇదొక్కటీ దేశదేశాలా వినపడిందిరా దేవుడా!"

తరవాత చాలా రోజులు ఆవిడ ఆ రేడియో దరిదాపులకి రాలేదు.

అప్పుడు కువైట్ నుంచి సెలవుమీద వచ్చిన రాజోలు ఆయనొకరు వదిన పంపిన క్యాసెట్టు ఇచ్చి వెళ్ళారు. పరుగున పోయి టేప్‌రికార్డరు అడిగి తెచ్చాను. మీట నొక్కాను. కాసేపు గరగర. ఆ తరవాత పెద్దగా, నవ్వుతూ, మా వదిన:

"ఆయ్! అమ్మా, ఆమెన్ అయిపోయిందని రేడియో కట్టెయ్యబోయేనే. నీ ఆయ్ వినపడింది. చేతిలో గిన్నె జారిపోయింది. నువ్వేగా? బాగున్నావా అమ్మా?"

అత్త ఆ పెట్టెకి మొహం ఆనించింది. నేను టేపు ఆపాను. పేట పేటంతా వినేట్టు, ఏ బెరుకూ లేకుండా జవాబిచ్చింది:

"ఆయ్!"