చుక్క ఎత్తు

మన కంప్యూటరు మూగబోతే ఒక పాట వినలేకపోతాం, అంతే. చూపులేని పిల్లల బడిలో కంప్యూటరు మూగబోయిందంటే అసలు కంప్యూటరే లేనట్టు. అక్కడ తెర చూసేవాళ్ళు లేరు. తెర మీదున్న ప్రతి మాటనూ యంత్రం గొంతు పైకి చదవాలి. అందుకని ఆ బడిలో సౌండు డ్రైవరు మార్చే ముందు, అక్కడి కంప్యూటర్లు చూసుకునే అక్కయ్య తన సొరుగులోంచి వేలెడంత అడాప్టరు ఒకటి తీసి కంప్యూటరుకు గుచ్చి, గొంతును అందులోకి మళ్ళించేది. ఇక లోపలి డ్రైవరు తీసేసినా, కొత్తది సరిగ్గా ఎక్కకపోయినా, యంత్రం మాట్లాడుతూనే ఉండేది. ఈ పద్ధతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం ఎనిమిది కంప్యూటర్లు ఒక్కసారే మూగబోయి, గదినిండా పిల్లలు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, ఆ నిశ్శబ్దంలో నేర్చుకుంది.

డ్రైవరంటే బ్రహ్మవిద్య కాదు. కంప్యూటరుకూ దానికి తగిలించిన యంత్రానికీ మధ్య కబురు మోసే చిన్న ప్రోగ్రాము. కంప్యూటరు భాష ఏడాదికోసారి కాస్త మారుతుంది. మోసేవాడు పాత భాషే పట్టుకుని కూర్చుంటే ఒకనాడు కబురు అందదు. అలాగని కొత్తది కనబడగానే ఎక్కించినా ముప్పే. అక్కయ్య నెలకోసారి, మొదటి శనివారం, ఆ పని పెట్టుకునేది. ముందు పాత డ్రైవరును విడిగా దాచేది. తరవాత ఒక్క యంత్రానికే కొత్తది ఎక్కించి వారం చూసేది. ఒక పూట రెండు మార్పులు చేసేది కాదు. "రెండూ ఒకేసారి మారిస్తే ఏది చెడగొట్టిందో ఎవర్ని అడగను?" అనేది. ఆవిడ చదువు పదో తరగతి. నా పని ఆ బడి ప్రింటర్లకు సూదులు, బెల్టులు మార్చడం. పట్టాలు గోడకు తగిలించుకున్నవాళ్ళను చాలామందిని చూశాను గానీ ఇంత ఒద్దికగా పనిచేసే మనిషిని ఆ గదిలోనే చూశాను.

ఆ గదిని ప్రెస్సు అనేవారు. పొడవాటి బల్ల, రెండు కిటికీలు, చప్పుడు బయటికి రాకుండా చెక్కపెట్టెల్లో పెట్టిన రెండు బ్రెయిలీ ప్రింటర్లు. అవి సిరా వాడవు. మందపాటి కాగితాన్ని సూదులతో పొడిచి చుక్కలు లేపుతాయి. అక్కయ్య ఇరవై రెండేళ్ళప్పుడు పుస్తకాలు కుట్టడానికి అక్కడ చేరింది. చుక్కల అక్షరాలు నేర్పింది ప్రూఫ్ బాబాయి. ఆయనకు పుట్టుకతో చూపులేదు. ప్రెస్సులోంచి బయటికెళ్ళే ప్రతి పుస్తకాన్నీ ముందు ఆయన వేళ్ళు చదవాలి. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే ఉద్యోగం. అక్కయ్య చుక్కలు త్వరగానే నేర్చుకుంది గానీ వేలితో కాదు. కాగితాన్ని కిటికీ వైపు ఏటవాలుగా పట్టుకుంటే చుక్కల నీడలు పడతాయి. ఆ నీడలు చూసి గడగడా చదివేసేది.

"కళ్ళున్నవాళ్ళకు ఇదో జబ్బు అమ్మాయ్. పచ్చడి కూడా చూసే తింటారు మీరు," అనేవాడు బాబాయి.

"మీరు వాసన చూసే ఉప్పు సరిపోలేదంటారుగా బాబాయ్, అదేం జబ్బు?"

వాళ్ళ మాటలు ఎప్పుడూ అలాగే ఉండేవి.

ఆ ఏడాది ప్రింటర్ల కంపెనీవాళ్ళు కొత్త డ్రైవరు పంపారు. వచ్చే సెలవుల తరవాత పాతది పనిచెయ్యదని ముందే చెప్పారు. దాంతోపాటు చుక్కల్లోకి మార్చిన పాఠాన్ని తనంతట తానే సరిచూసే ప్రోగ్రాము ఒకటి ఇచ్చారు. దాన్ని చూపించడానికి వచ్చినతను చాలా చక్కగా మాట్లాడాడు. "ఇక మనిషి కూర్చుని చదవక్కర్లేదు మేడమ్," అన్నాడు.

బడి పెద్ద మేడమ్‌కు అప్పటికే ముందుగదిలో ఫోను దగ్గర మనిషి కావాలి. ఆవిడ అక్కయ్యను పిలిచి అడిగింది.

"ఏమంటావు? ప్రూఫు లేకుండా నడుస్తుందా?"

"పాఠంలో తప్పు రాదండీ, ప్రోగ్రాము బాగానే పట్టుకుంటోంది. టెస్టు పేజీ ఎలాగూ నేను చూస్తాను," అంది అక్కయ్య. అడిగిన దానికి జవాబు చెప్పింది, అంతే. ఆ జవాబుతో ఎవరి కుర్చీ కదులుతుందో ఆలోచించలేదు.

సోమవారం నుంచి బాబాయి ఫోను బల్ల దగ్గరికి మారాడు. మేడమ్ ఆయనతో అసలు సంగతి దాచలేదు. పరీక్షలయ్యేదాకా చూసి, అంతా సవ్యంగా ఉంటే ఆ ఏర్పాటే ఖాయం చేస్తానంది. వెళ్తూ వెళ్తూ బాబాయి ప్రెస్సు గుమ్మం దగ్గర ఆగాడు.

"నువ్వే చెప్పావటగా, నడిచిపోతుందని."

"పాఠం సంగతి అడిగితే చెప్పాను బాబాయ్."

"మంచిదే. ఫోను ఎత్తడానికి వేళ్ళతో పనిలేదు, చెవులు చాలు. వేళ్ళకు రిటైర్మెంటు ఇచ్చావు."

ఆ మాట అక్కయ్యకు ముల్లులా దిగింది. ఇంటికెళ్ళి చెబితే భర్త బస్సు డిపోలో మురికైన చేతులు సబ్బుతో రుద్దుకుంటూ విన్నాడు.

"ఆయనేగా నీకు పని నేర్పింది?"

"నేనేమైనా పొమ్మన్నానా?"

"ఉండమనలేదుగా," అన్నాడు తువ్వాలు అందుకుంటూ.

ఆ వారమే పై తరగతి లెక్కల ప్రశ్నపత్రం. ఇరవై మూడు ప్రతులు, ఒక్కోదానికి తొమ్మిది కాగితాలు. బుధవారం అక్కయ్య మొదటి ప్రింటరుకు కొత్త డ్రైవరు ఎక్కించింది. వారం ఆగి చూసే వ్యవధి లేదు. రెండో ప్రింటరు విప్పి నా చేతిలో ఉంది, పాత డ్రైవరుతో కొత్త ప్రోగ్రాము మాట్లాడదు. టెస్టు పేజీ వేసింది. కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంది. ప్రతి చుక్కకూ నీడ ఉంది, వరసలు తీర్చి గీసినట్టున్నాయి. పుస్తకంలో తేదీ వేసి సంతకం పెట్టింది. గురువారం మొత్తం పత్రాలు వేసి, దొంతర్లు కట్టి, అట్టపెట్టెల్లో సర్దింది.

శుక్రవారం పదకొండింటికి ఆ పెట్టెలు ముందుగదికి చేరాయి. నాలుగింటికి బండి వచ్చి వాటిని పరీక్ష జరిగే మరో బడికి తీసుకెళ్ళాలి. పెట్టెలు ఒక్కొక్కటే బాబాయి బల్ల పక్కన పెడుతుంటే ఆయన ఊరికే ఉండలేకపోయాడు.

"మూత వేశావా?"

"ఇంకా లేదు. జాబితా సరిచూసి వేస్తాను."

ఆయన చెయ్యి పెట్టెలోకి వెళ్ళింది. పైకాగితం తీసి బల్ల మీద పరిచి కుడిచేతి చూపుడువేలు నడిపాడు. ఒక వరస. మళ్ళీ అదే వరస. వేలు ప్యాంటుకు తుడుచుకుని మూడోసారి.

"అమ్మాయ్, దీని మీద ఏముంది?"

"లెక్కల పత్రం బాబాయ్. మొదటి ప్రశ్న."

"నాకు ప్రశ్నలో సగమే తగులుతోంది. మధ్యలో మూడా, ఎనిమిదా?"

"మీకు కోపం నా మీద. దాన్ని కాగితం మీద చూపించకండి. మొన్న టెస్టు పేజీ చూశాను, శుభ్రంగా ఉంది."

"చూశావు. తడిమావా?"

అక్కయ్య అడుగునుంచి ఒక కాగితం లాగి ఆయన ముందు పెట్టింది.

"ఇది ఇంకా అన్యాయం. పైబరువుకు ఉన్నవి కూడా అణిగిపోయాయి. పరీక్ష హాల్లో పిల్లలకు చెమటపట్టిన వేళ్ళు. ఎవరు చదువుతారిది?" బాబాయి గొంతులో దెప్పిపొడుపు లేదు. అందుకే ఆవిడకు భయం వేసింది.

అప్పుడు తెలిసింది ఏం జరిగిందో. అర మిల్లీమీటరు ఎత్తు లేవాల్సిన చుక్క అందులో సగమే లేచింది. వెలుగుకు అది చాలు, నీడ పడింది. వేలికి చాలదు. ఆ గదిలో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషి, వేళ్ళ కోసం వేసిన కాగితాన్ని కళ్ళతో పరీక్షించి సంతకం పెట్టింది.

నన్ను పిలిచారు. నేను వెళ్ళేసరికి ఇద్దరూ ప్రెస్సులో ఉన్నారు.

"సూదులు అరిగాయేమో చూడు నాయనా. పోయిన నెల మార్చావుగా, నాసిరకంవి పెట్టావా?" అన్నాడు బాబాయి.

"మీ నోరు అరగదు గానీ నా సూదులు అరుగుతాయా?" అంటూనే పెట్టె తెరిచాను. సూదులు నిక్షేపంగా ఉన్నాయి.

అక్కయ్య అప్పటికే కంప్యూటరు ముందు కూర్చుంది. తప్పు ఎక్కడుందో వెతకాలని ఆవిడ చేతులు దురద పెడుతున్నట్టు కనిపించింది. కానీ గోడ గడియారం పన్నెండు దాటింది. వెతకడం మానుకుంది. కొత్త డ్రైవరు తీసేసి, దాచిన పాతదాన్ని తిరిగి ఎక్కించింది. పాతదానికి కొత్త ప్రోగ్రాము అందదు కాబట్టి సరిచూసిన పాఠాన్ని పాత దారిలోనే పంపింది. యంత్రం దడదడమంది. మొదటి కాగితం వెచ్చగా బయటికొచ్చింది. ఆవిడ దాన్ని కిటికీ వైపు ఎత్తలేదు. నేరుగా బాబాయి చేతిలో పెట్టింది.

"ఇదీ అక్షరమంటే! కొట్టు," అన్నాడాయన.

మూడు నిమిషాలకు నాలుగు కాగితాలు. రెండొందల ఏడు రావాలి. ప్రతి పత్రంలోనూ మొదటిదీ చివరిదీ బాబాయి చదువుతున్నాడు. నేను వరస పెడుతున్నాను. అవతల ముందుగదిలో ఫోను మోగి మోగి ఆగిపోతోంది, మళ్ళీ మోగుతోంది. ముగ్గురికీ వినబడుతోంది. ఎవరూ కదల్లేదు.

చివరికి పెద్ద మేడమ్ తనే వచ్చింది.

"అక్కడ ఫోను గోలపెడుతుంటే మీరంతా ఇక్కడేం చేస్తున్నారు? ఆయన్నెవరు పిలిచారు?"

"నేనే మేడమ్," అంది అక్కయ్య లేచి నిలబడి. "నిన్న వేసిన పత్రాలు పనికిరావు. మళ్ళీ వేస్తున్నాం."

మేడమ్ పాత కాగితం ఒకటి తీసి చూసింది. "బాగానే ఉందిగా."

"నాకూ అలాగే అనిపించింది."

బాబాయి రెండు కాగితాలు ముందుకు జరిపాడు. "ఒక్కసారి కళ్ళు మూసుకుని చూడండి మేడమ్."

ఆవిడ మొహమాటంగా మా ఇద్దరి వైపూ చూసి, కళ్ళు మూసుకుంది. ఒకదాని మీద వేలు నడిపింది. రెండోదాని మీద నడిపింది.

"ఇది గరుకుగా ఉంది. ఇది..." మళ్ళీ తడిమింది. "ఇది కాగితమేగా?"

"అదే నిన్నటి పత్రం," అన్నాడు బాబాయి.

మేడమ్ కళ్ళు తెరిచింది. "కొత్త డ్రైవరు తప్పా?"

ఔననడానికి అంతకంటే మంచి అదను రాదు. డ్రైవరుకు నోరుండదు, ఎదురు చెప్పదు.

"డ్రైవరు ఎక్కించింది నేను," అంది అక్కయ్య. "టెస్టు పేజీ కళ్ళతో చూసి సంతకం పెట్టింది నేను. ప్రూఫు లేకుండా నడుస్తుందని మీతో అన్నదీ నేనే. పాఠం తప్పు లేదు మేడమ్, ప్రోగ్రాము సరిగ్గానే చూసింది. చుక్క ఎత్తు దానికి తెలీదు. నాకూ తెలీదు. ఈ గదిలో అది తెలిసింది ఈయనొక్కడికే."

మేడమ్ కాగితాల దొంతర చూసింది, గడియారం చూసింది. "నాలుగింటికి అవుతాయా?"

"మూడున్నరకి."

"ఫోను నేను చూసుకుంటాను," అని వెళ్ళిపోయింది.

మూడూ నలభైకి ఆఖరి పెట్టె మూత పడింది. బండి వెళ్ళింది.

సోమవారం పొద్దున రెండో ప్రింటరు బిగించి ఇచ్చాను. దానికి కొత్త డ్రైవరు ఎక్కించి అక్కయ్య ఒక్కో సెట్టింగూ వెతికింది. గంటలో దొరికింది. కొత్తది ఎక్కినప్పుడు తనంతట తానే కాగితాన్ని పలచటిదని రాసుకుంది, దానికి తగ్గట్టు దెబ్బ తగ్గించింది. తమ కాగితం మందం అని దానికి చెప్పాలి. చెప్పడం ఒక్క నొక్కు. ఎంత గట్టిగా కొట్టాలో తేల్చడం మాత్రం ఒక్క నొక్కుతో కాలేదు. ఐదు మెట్లలో ఐదు పేజీలు వేసి బాబాయి ముందు పరిచింది. ఆయన ఫోను బల్లకు పది నిమిషాలు సెలవు పెట్టి వచ్చాడు.

"నాలుగోది బాగా లేచింది గానీ కాగితం వెనకవైపు వేసిన చుక్కల్ని పొడిచేసింది. మూడు పెట్టు," అన్నాడు.

మూడు పెట్టింది. తరవాత కుర్చీ ఆయన దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"బాబాయ్, ఆ రోజు మేడమ్ అడిగినప్పుడు మీ సంగతి నాకసలు తోచలేదు."

"తెలుసు. తోచి కూడా అనుంటే నీతో మాట్లాడేవాణ్ణి కాదు."

ఆ మధ్యాహ్నం మేడమ్ కబురు పంపింది. ఫోను దగ్గరికి వేరే మనిషిని చూస్తున్నారట, దొరికేదాకా బాబాయి సాయంత్రాలు అక్కడ కూర్చోవాలి. పొద్దుటి పూట ప్రెస్సులో ఆయన కుర్చీ ఆయనదే. డ్రైవరు మారిన ఏ యంత్రం కాగితమూ ఆయన చదవకుండా బయటికి వెళ్ళకూడదు.

"ఒక్క పూటేనా?" అంది అక్కయ్య, తనకే అన్యాయం జరిగినట్టు.

"సాయంత్రాలు వేళ్ళకు విశ్రాంతి, చెవులకు జీతం. నీకేం నష్టం?" బాబాయి అప్పటికే బల్ల తడుముతున్నాడు. "మొదటి ప్రింటరుకు కూడా కొత్తది ఎక్కిస్తావుగా? దాని పేజీ ఎక్కడ? దీన్ని మెచ్చుకున్నానని దాన్ని వదిలేస్తాననుకోకు."