బాబా విల్లును నేను పాడుచేసిన సంగతి

మొన్న పొద్దున నడక ముగించుకుని వస్తూ మా నిజామాబాదు స్కూలు మైదానం దగ్గర ఆగిపోయాను. నలుగురు ఆడపిల్లలు కప్పీలున్న కొత్తరకం విల్లులతో బాణాలు వేయడం నేర్చుకుంటున్నారు. బాణం పెట్టకుండా ఉత్త నారిని గుంజి వదిలితే విల్లు పాడైపోతుందని ఎన్నిసార్లు చెప్పాలంటూ నేర్పే ఆయన ఒక పిల్లను కేకలేస్తున్నాడు. నాతో నడిచే మిత్రులు ముందుకు వెళ్ళిపోయారు గానీ నా కాళ్ళు కదిలితే ఒట్టు. ఆ ఒక్క ముక్క నా ఇరవై నాలుగో ఏట నాకెవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

అప్పుడు నేను ఖతర్‌లో ఉన్నాను. మా ఊళ్ళో అందరి లెక్కలో మాత్రం దుబాయ్‌లోనే, ఎన్ని ఉత్తరాలు రాసినా మా అమ్మ ఆ పేరు మార్చుకోలేదు. చమురు పుణ్యమా అని దోహా చూస్తుండగానే పెరిగిపోతున్న కాలమది. అక్కడి అల్ హిలాల్ పేటలో ఒక పెద్దాయన ఇంట్లో నాకు డ్రైవరు పని. ఇంట్లోవాళ్ళతో పాటు పనివాళ్ళమూ ఆయన్ని బాబా అనే పిలిచేవాళ్ళం. మహా కోపిష్ఠి, చాయ్‌లో చక్కెర తక్కువైతే గ్లాసు విసిరికొట్టేవాడు. అయితే మధ్యాహ్నం అన్నం వేళకు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒకే పళ్ళెంలోంచి తినేవాడు, మాంసం తీసుకోవడానికి నేను మొహమాటపడితే తానే తుంచి నా వైపు తోసేవాడు.

ఆ చలికాలంలో ఒక అమెరికా ఇంజనీరు తన దేశానికి వెళ్ళిపోతూ బాబాకు ఒక విల్లు ఇచ్చి పోయాడు. రెండు చివరలా కప్పీలు, వాటి మీదుగా ఉక్కు తీగలు. నారిని సగందాకా లాగేసరికి భుజాలు పీకేస్తాయి, ఆపైన చిత్రంగా తేలికైపోయి చేతిలో నిలుస్తుంది. బాబా వాళ్ళ నాన్న ఒంటె మీద పోయి జింకలను వేటాడేవాడట. తరువాతివాళ్ళు కార్లేసుకుని, తుపాకులతో తరిమి తరిమి కొట్టేసరికి ఎడారిలో జింక కనబడడమే గగనమైపోయింది. కాలినడకన, విల్లుతో, జింకకూ పారిపోయే సందు ఇచ్చి, బతుకులో ఒక్కసారైనా వేటాడాలని బాబా కోరిక. పెరట్లో ఇసుక సంచులు పేర్పించి రోజూ సాధన చేసేవాడు, ఆ బాణాలు ఏరుకొచ్చే డ్యూటీ కూడా నాదే.

ఇంతలో బాబా తన కొడుకు కారులో అల్ రువైస్‌లోని చుట్టాలింటికి నాలుగు రోజులు వెళ్ళాడు, విల్లు ఇంట్లోనే ఉండిపోయింది. చిన్నప్పుడు వెదురు బద్దకు తాడు కట్టి టింగుటింగుమనిపిస్తూ ఊరంతా తిరిగినవాణ్ణి, చెయ్యి ఊరుకుంటుందా? బాణం పెడితే ఎవరికైనా తగులుతుందని, ఎంతో తెలివైనవాడిలా, ఉత్త నారినే చివరిదాకా గుంజి వదిలాను. ఫెళ్ళుమంది. తీగ ఊడిపోయింది, కింది కప్పీ అంచు విరిగి గోడకు కొట్టుకుంది. బాణంతో పోవలసిన బలమంతా, బాణం లేకపోతే తిరిగి విల్లునే కొడుతుందని నాకేం తెలుసు?

వరుసకు బావ ఒకాయన అక్కడే లేత్ మిషన్ పని చేసేవాడు, నన్ను బాబా ఇంట్లో కుదిర్చిందీ ఆయనే. విల్లు పట్టుకుని ఆయన దగ్గరికే పరిగెత్తాను. నన్ను నోరారా తిట్టి, అల్యూమినియం ముక్కతో అచ్చు అలాంటి కప్పీనే చేసి తీగ ఎక్కించాడు. అంతా బాగుపడిందనుకుంటుండగా విల్లు వంపును గోటితో నిమిరి ఆగిపోయాడు. వెంట్రుకంత పగులు.

"ఇది మాత్రం నాతోని కాదురా. గట్టిగ గుంజితే విరిగి మొహానికి కొడ్తది. ముసలాయనకు చెప్పెయ్."

"చెప్తే పంపిచ్చేస్తడు బావా."

"చెప్పకుంటే కన్ను పోతది. ఇగ నీ ఇష్టం."

నా పాస్‌పోర్టు బాబా బీరువాలో ఉంది. నాకు ముందున్న డ్రైవరును కారుకు గీత పడ్డందుకే విమానం ఎక్కించాడని చెప్పుకునేవారు. వచ్చి ఎనిమిది నెలలైనా కాలేదు, ఏ ముఖం పెట్టుకుని ఊళ్ళో దిగను? పగులు మీద నల్లరంగు పూసి, విల్లును ఎక్కడిదక్కడ పెట్టేశాను. బాబాకు ఈ జన్మలో జింక కనబడకూడదని మా ఇంటి దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

బాబా తిరిగొచ్చిన సాయంత్రమే అల్ షహానియా నుంచి ఒంటెల కాపరి కబురు తెచ్చాడు, అటుపక్క ఒంటరి జింక తిరుగుతోందని. సాధన మాట మరిచిపోయి తెల్లవారగానే బయలుదేరదీశాడు. పికప్‌ను దూరంగా ఆపి, పొగమంచులో గంటసేపు నడిచాం. దారంతా చెప్పేద్దామని నోరు తెరవడం, మూయడం. చివరికి ముళ్ళపొద పక్కన కనబడింది, చెవులు తిప్పుతూ, ఇసుక రంగులో ఇసుకలా. బాబా మోకాలి మీద కూర్చుని, బాణం పెట్టి, బిస్మిల్లా అని నారిని లాగడం మొదలుపెట్టాడు. సగానికి వచ్చిందో లేదో విల్లులో టిక్కుమని చిన్న చప్పుడు. అంతే, ఉద్యోగమూ ఊరూ ఒక్కటీ గుర్తుకు రాలేదు నాకు.

"బాబా, లా, లా! మక్సూర్, మక్సూర్!" వద్దు, విరిగిందని గొంతు చించుకుని అరిచాను.

జింక మంచులో కలిసిపోయింది. బాబా నారిని మెల్లగా వెనక్కి పోనిచ్చి నా వైపు చూశాడు. వచ్చీరాని అరబ్బీలో ఏడుస్తూ అంతా చెప్పేశాను. బొటనవేలి గోటితో నల్లరంగు గీకి పగులు చూశాడు. పికప్ తాళం కోసం చెయ్యి చాపాడు. బండి ఆయన నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. నా డ్యూటీ ఖతం అనుకున్నాను.

ఇంటికి చేరాక అన్నం పళ్ళెం వచ్చింది. నేను గుమ్మం దగ్గరే నిలబడితే, యల్లా అని పక్కన చోటు చూపించాడు. నేను కూర్చోగానే, నారి వదిలిన రోజు నీకు ఎక్కడ తగిలిందని అడిగాడు. ఎక్కడా లేదన్నాను. తానే నా చొక్కా చేయి పైకి లాగాడు. తీగ కొట్టిన వాత మణికట్టు నుంచి మోచేతిదాకా నల్లగా కమిలి ఉంది. బావ అడగలేదు, పని పోతుందన్న భయంలో నేనూ పట్టించుకోలేదు. లోపలి నుంచి నూనె తెప్పించి రాస్తూ, విల్లు పోతే పోయింది గానీ పగులును రంగుతో కప్పినందుకు మాత్రం నీతో మాట్లాడనన్నాడు. అన్నట్టే వారం రోజులు మూతి ముడుచుకుని, పళ్ళెంలో మాంసం మాత్రం నా వైపు తోస్తూనే ఉన్నాడు. ఆయన పోయేదాకా, పద్నాలుగేళ్ళు, ఆ ఇల్లు వదలలేదు నేను. ఆయనకు మళ్ళీ జింక కనబడనే లేదు. ఆ ఒక్క బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు మా చెల్లెలి కొడుకు అక్కడే ఒక పెద్ద కంపెనీలో పనిచేస్తున్నాడు. వాడి క్యాంపులో ఏసీ ఉంది, వారానికో సెలవు ఉంది, గ్లాసులు విసిరేవాడు లేడు. ఆ సుఖాలేవీ మాకు లేవు, వాడికి ఉన్నందుకు సంతోషమే. పోయిన నెల వాడి చేతిలో ఏదో మిషన్ దెబ్బతింటే, సంజాయిషీ రాసి పంపమని కంపెనీ నుంచి ఫోనుకే మెసేజీ వచ్చిందట. మీ యజమాని కోపిష్ఠా, మంచివాడా అని అడిగాను.

"యజమానా? ఎవరో నాకు తెల్వది మామా. ఏడేండ్లల్ల ఒక్కసారి గూడ చూడలే."

రెండు రోజులు కూర్చుని రాశాడట. జరిగిందంతా ఉన్నదున్నట్టు రాసి, క్షమించమని కూడా రాసి, అది ఎవరికి రాస్తున్నాడో తెలియక పైన పేరు రాసే చోటు ఖాళీగా వదిలేసి పంపాడట.