మావాడు కొనిచ్చిన సింగపూర్ కేంద్రం

నాతో ఎమ్మెస్సీ చదివినవాడు ఒకడు పోర్టులో వ్యాపారం పెట్టాడు. రేవులో ఆగిన ఓడలకు బియ్యం, కూరగాయలు, తాళ్లు సప్లై చేయడం. బాగా సంపాదించాడు. నేను మేం చదివిన యూనివర్సిటీలోనే పాఠాలు చెబుతూ జుట్టు నెరిపించుకున్నాను.

ఒకరోజు గోపాలపట్నంలో టీ తాగుతూ అన్నాడు. "ఇన్నేళ్లూ ఓడలకి సరుకెక్కించాను బావా. నాను మాత్రం ఏ దేశమూ సూడ్లేదు. మన పిల్లలైనా ఎల్లాలి."

అన్నంత పనీ చేశాడు. సింగపూర్‌లో భవనం కొని, అధ్యయన కేంద్రం పెట్టమని యూనివర్సిటీకి రాసిచ్చేశాడు. ఒక్కటే అడిగాడు: ఇంట్లో ఎవరూ విమానం ఎక్కని పిల్లలు అక్కడ ఒక సెమిస్టర్ చదవాలి. అందరూ తలూపారు. శాలువా కప్పారు.

మొదటి బ్యాచ్‌ను ఎంపిక చేసే కమిటీలో నేనూ ఉన్నాను. అచ్యుతాపురం నుంచి ఒకమ్మాయి వచ్చింది. తండ్రి ఫ్యాక్టరీలో కూలీ. క్లాసులో ఫస్టు. అడిగినవాటికి తడుముకోకుండా జవాబు చెప్పింది గానీ, ఇంగ్లీషులో మధ్యమధ్య తెలుగు దొర్లింది. ఆమె బయటికి వెళ్లగానే కమిటీ పెద్ద, "ఈ పిల్లని పంపితే అక్కడ మన పరువేం కాను?" అన్నాడు. నేను గొంతు పోయేలా వాదించాను. లాభం లేకపోయింది. ఆమెకు రావలసిన సీటులో ఆయన మేనల్లుడు వెళ్లాడు.

మరుసటి ఏడాది అసలు బ్యాచే లేదు. ఆ మాట చెబితే మావాడు నమ్మలేదు. మొదటిసారి పాస్‌పోర్టు తీయించుకుని తనే సింగపూర్ వెళ్లాడు. తిరిగొచ్చాక గోడౌన్‌లో కలిశాను.

"ఏటైంది బావా?" అన్నాను.

"తలుపు తీసినోడు నువ్వెవరన్నాడు. పేరు సెప్పాను. పర్మిషన్ ఉందా అన్నాడు. మీ యూనివర్సిటీ పెద్దోళ్ల కుటుంబం దిగిందంట. కిటికీలోంచి సూశాను, క్లాసు రూములో సీరలు ఆరేసున్నాయి. గుమ్మం మీద మాత్రం నా పేరు మెరిసిపోతంది."

ఇద్దరం కలిసి వైస్ ఛాన్సలర్ దగ్గరికి వెళ్లాం. "సదివే పిల్లలు లేనప్పుడు నా పేరెందుకండీ? తీసెయ్యండి" అన్నాడు మావాడు.

ఆయన నవ్వి కాఫీ తెప్పించాడు. "భలేవారే! పేరు తీసేస్తే దాతను అవమానించినట్టు కాదూ?"

లాయర్‌ని అడిగితే, ఇచ్చేసింది ఇచ్చేసినట్టే అన్నాడు.

ఆ అమ్మాయినైనా తన ఖర్చుతో పంపుదామని వెతికించాడు. చదువు ఆపేసి మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి చేరిపోయింది. మేమిద్దరం వెళ్లి అడిగితే, "ఇప్పుడెందుకులెండి సార్, షిఫ్టు టైమైంది" అని బస్సెక్కేసింది.

మొన్న స్నాతకోత్సవానికి మావాడిని గౌరవ అతిథిగా పిలిచారు. వాడు రాలేదు. ఉద్యోగిని కదా, నేను వెళ్లాను. వేదిక మీద కమిటీ పెద్ద వాడి దాతృత్వం గురించి చాలాసేపు మాట్లాడాడు. ఆ మేనల్లుడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. హాలంతా లేచింది. నేను కూర్చునే ఉన్నాను. పక్కనున్నాయన వంగి, "మోకాళ్ల నొప్పులా మాస్టారూ?" అని అడిగాడు.