ఇంటర్వ్యూలో మా నాయన చెప్పిన జవాబులు

ఆ రోజు సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడుస్తూ, రోడ్డు పక్కన ఆరబోసిన చెనక్కాయలను అడ్డంగా తొక్కుకుంటూ వెళ్ళిపోయాను. "కండ్లు నెత్తిన పెట్టుకోనుండావా మ్మే!" అని వాటి తాలూకు ఆమె అరిచింది. దారిలో ఆరబోసింది కాక పైగా అరుపులు కూడానా అని నేనూ నాలుగు మాటలు అన్నాను. ఇంకా చీకటి పడలేదని నాకు తెలియలేదు. నా మటుకు పడిపోయింది.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. మాది వడమాలపేట. తిరుపతిలో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో టైపిస్టుగా చేసేదాన్ని. అప్పటికింకా అందరి చేతుల్లో సెల్‌ఫోన్లు లేవు. ఆ సాయంత్రం తర్వాత కొద్ది నెలల్లోనే కాళ్ళకు గడపలు తగలడం మొదలైంది. మనుషులు పక్కనుంచి ఉన్నట్టుండి ఊడిపడేవాళ్ళు. డ్రాఫ్టులో ఒక వరస చదివితే కింది వరస దొరికేది కాదు. తిరుపతి డాక్టరు మూడుసార్లు అద్దాలు మార్చాడు. మూడో జత పెట్టుకున్న రోజే ఆఫీసు మెట్ల మీద పడ్డాను. అప్పుడు మద్రాసుకు రాసిచ్చాడు.

మద్రాసు కంటి ఆసుపత్రికి నాయనతో వెళ్ళాను. ఫీల్డ్ టెస్ట్ అని ఒక పెద్ద గిన్నెలాంటి దాంట్లో తల పెట్టించి, వెలుగు చుక్క కనపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. చాలాసేపు నొక్కే పనే పడలేదు. "మెషిన్ పాడైందేమో సార్" అన్నాను.

"మెషిన్ బాగానే ఉందమ్మా. ఇది రెటినైటిస్ పిగ్మెంటోసా. రెటీనా అంచుల నుంచి దెబ్బతింటూ వస్తుంది. దీనికి ట్రీట్‌మెంట్ లేదు" అన్నాడు డాక్టరు. తర్వాత నాయన వైపు తిరిగి, "సొంతంలో చేసుకున్నారా?" అని అడిగాడు.

"మా ఇంటామె మా అక్క కూతురే సార్" అన్నాడు నాయన.

డాక్టరు అది కాగితం మీద రాసుకున్నాడు. నాతో, "మందుల కోసం తిరగొద్దు. చూపు ఉండగానే కొత్త పని నేర్చుకో" అన్నాడు. తిరుగు రైల్లో దిగేదాకా నాయన నా మణికట్టు వదల్లేదు.

ఆ డాక్టరు మాట వింటే మేం మనుషులమెట్లా అవుతాం? పలమనేరు దగ్గర ఒకాయన కళ్ళల్లో ఆకుపసరు పోస్తాడని ఎవరో చెప్పారు. వెళ్ళాం. పోశాడు. పట్టపగలే చుక్కలు కనపడ్డాయి. ఎడమకంటికి కార్నియల్ అల్సర్, అంటే నల్లగుడ్డు మీద పుండు, వచ్చి మూడు వారాలు ఆసుపత్రిలో పడున్నాను. "ఉన్న జబ్బు చాలదా అమ్మా?" అని అక్కడి డాక్టరమ్మ గట్టిగా తిట్టింది. ఆ కంట్లో మిగిలిన చూపు కూడా పోయింది. ఆ పసరాయన మీద కన్నా నా మీద నాకే ఎక్కువ కోపం వచ్చింది.

ఆఫీసులో "రెస్టు తీసుకోమ్మా" అన్నారు. రెండేళ్ళు తీసుకున్నాను ఆ దిక్కుమాలిన రెస్టు. ఆలోపు కుడికన్ను కూడా దాదాపు ఆరిపోయింది. నాయన అన్నం కలిపి ముద్ద చేతిలో పెట్టేవాడు. వాకిట్లోకి వెళ్ళాలన్నా మణికట్టు పట్టుకుని లాక్కుపోయేవాడు. చుట్టాలొస్తే "పాప కాఫీ తాగుతాదా?" అని నా ముందే అమ్మను అడిగేవాళ్ళు. పోయింది కళ్ళు కదా, చెవులూ నోరూ ఏం చేశాయి? అరిస్తే "పాపం, బాధ" అనేవాళ్ళు. బాధ కాదు, ఒళ్ళుమంట!

చూపు లేనివాళ్ళకు ఉద్యోగాల కోసం శిక్షణ ఇచ్చే చోటు తిరుపతిలో ఉందని రేడియోలో విని, నాయన ప్రాణం తీసి వెళ్ళాను. అక్కడ మునిరత్నం సార్ ఉండేవాడు. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు.

"ఏమొచ్చు నీకు?" అని అడిగాడు.

"పాపకు కనపడదు సార్" అన్నాడు నాయన.

"నాకూ కనపడదప్పా. ఏమొచ్చునో చెప్పమంటా ఉండా."

"టైపు హయ్యరు పాసైనాను" అన్నాను. రెండేళ్ళలో నన్ను ఎవరైనా అడిగిన మొదటి పనికొచ్చే ప్రశ్న అది.

బ్రెయిలీ నేర్చుకోవడం అంత సులువేం కాదు. టైపు మీద పరిగెత్తే వేళ్ళు ఆ చుక్కల మీద మొద్దుబారిపోయేవి. రెండుసార్లు పుస్తకం విసిరేశాను. "విసిరినావు కదా, ఇప్పుడు యాడ పడిందో నువ్వే ఎతుక్కో" అనేవాడు సార్. కర్రతో నడక, టెలిఫోన్ బోర్డు మీద కాల్ ఎత్తడం, లైను కలపడం, ఎక్స్‌టెన్షన్ నంబర్లు కంఠతా పట్టడం నేర్పించాడు. ఎనిమిది నెలలు పట్టింది.

చిత్తూరులో ఒక ఆఫీసు నుంచి టెలిఫోన్ ఆపరేటర్ ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. నాయన కొత్త పంచె కట్టుకుని బయల్దేరాడు. పెళ్ళిచూపులకు పోయినట్టు లోపలికి కూడా వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"మీ పేరేంటమ్మా?"

"భారతి సార్, పాప పేరు" అన్నాడు నాయన.

"ఏం చదువుకున్నారు?"

"ఇంటరు పాసైనాది సార్. టైపు కూడా వచ్చు."

నేను కాలితో తన్నాను. తగల్లేదో, తగిలినా లెక్కచేయలేదో. ఫోన్లో ఎవరైనా కోపంగా మాట్లాడితే ఏం చేస్తారని అడిగితే, "మా పాప చానా నెమ్మదస్తురాలు సార్" అన్నాడు. ఈ లోకంలో ఇంతకన్నా పెద్ద అబద్ధం లేదు. ఆఫీసరు నవ్వి, "ఫోను మీరు ఎత్తుతారా, ఆమె ఎత్తుతుందా?" అన్నాడు. ఉద్యోగం అక్కడే పోయింది.

చిత్తూరు బస్టాండులో నలుగురూ చూస్తుండగా అరిచాను. "నోరు నాకు లేదా నాయనా? నన్నెందుకు మాట్లాడనీలేదు?"

నాయన పక్కనున్న బెంచీ మీద కూలబడ్డాడు. "ఆ డాక్టరు రాసుకున్నాడు గదమ్మా, అక్క కూతుర్ని సేసుకున్నానని. నేను సేసిన పనికి నువ్వు అగసాట్లు పడతా ఉంటే సూస్తా ఎట్లా కూసుండేది?" అన్నాడు.

ఇన్నాళ్ళుగా నా మణికట్టు ఎందుకు వదల్లేదో అప్పుడర్థమైంది. ఏడుపొచ్చింది. కోపం మాత్రం పోలేదు.

"నా కండ్లకు నువ్వు కారణమో కాదో నాకు తెలీదు. నాకు నీ మీద ఆ కోపం లేదు. కానీ ఈ పొద్దు ఉద్యోగం పోయింది మాత్రం నీ వల్లే" అన్నాను. బస్సెక్కేటప్పుడు నాయన నా చెయ్యి పట్టుకోలేదు.

నాలుగు నెలల తర్వాత తిరుపతిలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇంటర్వ్యూ. నాయన గేటు బయట టీ అంగడి దగ్గర ఆగిపోయాడు. నేను కర్రతో లోపలికి వెళ్ళాను. "ఆమెను కూర్చోమను" అని మేనేజరు అటెండరుకు చెప్పాడు. "నాకే చెప్పండి సార్, వినపడతాది" అన్నాను. ఒక గంట బోర్డు ముందు కూర్చోబెట్టారు. రెండు కాల్స్ తప్పు వార్డుకు కలిపాను. తప్పైందని చెప్పి మళ్ళీ కలిపాను. సోమవారం నుంచి రమ్మన్నారు.

ఇప్పటికి తొమ్మిదేళ్ళుగా అదే బోర్డు. కుడికంట్లో వెలుగు, నీడ తప్ప ఏమీ లేదు. డాక్టర్ల విసుగు, పేషెంట్ల బంధువుల అరుపులు, అన్నీ నేనే పడతాను. తిరిగి అరుస్తాను కూడా.

మీ ఇంట్లో ఎవరికైనా చూపు తగ్గుతుంటే నేను చెప్పేది ఒక్కటే. ఉన్న చూపు పోయేదాకా ఆగకుండా శిక్షణకు పంపండి, వాళ్ళ జవాబు వాళ్ళనే చెప్పనివ్వండి. నా మాట నమ్మకపోతే తిరుపతిలో నేను నేర్చుకున్న శిక్షణ కేంద్రానికి వెళ్ళండి. ఉద్యోగాలిచ్చేవాళ్ళు అక్కడికే వచ్చి ఇంటర్వ్యూలు చేసే రోజుల్లో గది బయట బెంచీ మీద ఒక ముసలాయన కూర్చుని ఉంటాడు. బిడ్డ వెనకాలే లోపలికి దూరబోయే ప్రతి తండ్రినీ చొక్కా పట్టుకుని ఆపుతాడు.

"యాడికప్పా పోతావు? కూసో ఈడ. నేను ఒకసారి లోపలికి పోయి సూసినాను."