దొరగారి పరుపు

మా తమ్ముడు లాజరు మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక మీదట చెప్పేదంతా వాడి మీద కోపంతోనే చెబుతాను. వాడు మా పేటలో మిషను బడికి పంతులు. పిల్లలకు ఎక్కాలు చెప్పేటప్పుడు వాడి గొంతు కాలువ అవతలికి వినిపించేది. అదే మనిషి ఊళ్లోకి అడుగు పెడితే ఆ గొంతు ఎక్కడికి పోయేదో! మునసబు సత్తిరాజుగారి అరుగు ఇంకా నూరు గజాల దూరం ఉండగానే భుజం మీది తువాలు తీసి చంకలో పెట్టుకునేవాడు.

మేం క్రీస్తును నమ్ముకుని ఇరవై ఏళ్లయినా ఊరికి మాత్రం అంటరానివాళ్లమే. భుజాన తువాలుతో, కాళ్లకు చెప్పులతో మావాళ్లు ఆ వీధిన నడవకూడదు. మా ఇంటి ముందు మా మంచం మీద కూర్చున్నా, ఊరివాళ్లు కనిపిస్తే లేచి నిలబడాలి. అందరం అలాగే చేసేవాళ్లం. కానీ అరుగు మీద పిల్లి కూడా లేనప్పుడు సైతం తువాలు తీసేది లాజరు ఒక్కడే. "ఎవరున్నార్రా అక్కడ?" అంటే "అలవాటు అక్కా" అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

వాడి కొడుకు సామ్యేలుకు తల్లి లేదు. నేనే పెంచాను. వాడు మెట్రిక్యులేషన్ ప్యాసై, రాజమండ్రి కాలేజీలో ఎఫ్.ఏ. చదవడానికి సీటు తెచ్చుకున్నాడు. మా పేటలోనే కాదు, చుట్టుపక్కల ఏ పేటలోనూ అంతవరకూ కాలేజీ గడప తొక్కినవాడు లేడు. బోర్డింగు నుంచి ఉత్తరం వచ్చింది. పిల్లవాడు తనతో తెచ్చుకోవలసినవి: ఒక పరుపు, ఒక దిండు, రెండు దుప్పట్లు, ఒక కంబళి, రెండు తువాళ్లు. పరుపు తెచ్చుకోనివాడికి బోర్డింగు వాళ్లు ఇవ్వరు, నేల మీదే పడుకోవాలి.

నేను బైబిలు స్త్రీగా ఊరూరా తిరిగి ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించినదాన్ని, ఆ ఉత్తరం నేనే పైకి చదివాను. పరుపు అనే మాట దగ్గర లాజరు ముఖం వాడిపోయింది. మా ఇంట్లో పుట్టినవాళ్లూ పోయినవాళ్లూ అందరూ చాప మీదే.

"పరుపంటే మరీ ఎక్కువేమో అక్కా" అన్నాడు.

"ఎవరికి ఎక్కువ? వాడి వీపుకా, మునసబు కళ్లకా?" అన్నాను.

ముగ్గురం పెద్దాపురం వెళ్లాం. మొదట తువాళ్లు. నేతగాడు ఎర్ర అంచున్నదొకటి విప్పి చూపించాడు. ఎంత బాగుంది! ఒళ్లంతా తుడుచుకోవచ్చు, భుజాన వేసుకుంటే మోకాళ్ల దాకా వస్తుంది. ఇలాంటివి రెండివ్వండి అన్నాను. వెనక నుంచి లాజరు నా కొంగు లాగాడు.

"అంచున్నది వద్దక్కా. పెద్దవాళ్లు వేసుకునేది."

"వాడు ఉండేది రాజమండ్రిలో రా!"

"సెలవులకొస్తాడు కదా. అది భుజానేసుకుని వస్తేనో?"

అని, అంచు లేని ముక్కొకటి తీశాడు. దాంతో ముక్కు తుడుచుకోవచ్చు, అంతకు మించి ఎందుకూ పనికి రాదు. సామ్యేలు గోడకేసి చూస్తున్నాడు. అది చూస్తే నాకు ఇంకా చిర్రెత్తింది. చివరికి అంచున్నది ఒకటి, లేనిది ఒకటి తీసుకునేసరికి పొద్దు నెత్తికెక్కింది. దుప్పట్ల దగ్గరా ఇదే గొడవ. తెల్లవి మాసిపోతాయని వంక పెట్టి బూడిద రంగువి ఏరాడు. కంబళి కూడా ఎవరి కళ్లా పడని నల్లది. కొనేది కొడుక్కో, దొంగలకో నాకు అర్థం కాలేదు.

పరుపు దూదేకుల సాహెబుకు ఒప్పజెప్పాం. అసలే ఆషాఢం ముసురు, దూది చెమ్మ పట్టి ఏకితే ఉండలు కడుతోంది, నాలుగు రోజులు ఆగండి అన్నాడాయన. ఆగాం. అయిదో నాడు నేనే వెళ్లి చూస్తే పరుపు అప్పడంలా ఉంది.

"ఇదేంటి సాహెబుగారూ, ఇందులో దూది ఏదీ?" అన్నాను.

ఆయన తల బాదుకున్నాడు. "మీ తమ్ముణ్ణే అడగండమ్మా! నిన్న వచ్చి సగం దూది తీసెయ్యమన్నాడు. చుడితే మూట సన్నంగా కనబడాలంట. ముప్పై ఏళ్ల నుంచి పరుపులు కుడుతున్నాను, దూది తియ్యమన్నవాణ్ణి ఇప్పుడే చూశాను."

తీసిన దూదంతా నా కళ్ల ముందే మళ్లీ కూరించి, ఆయన చేత కుట్టించుకుని ఇంటికి తెచ్చాను. లాజరుతో రెండు రోజులు మాట్లాడలేదు. వాడు నన్ను మాట్లాడించాలని చూసి చూసి, "లావుగానే ఉందిలే అక్కా, మంచిదేలే" అన్నాడు. అప్పటికైనా బుద్ధి వచ్చిందనుకున్నాను. నాదీ బుద్ధి తక్కువే.

ప్రయాణం నాడు పరుపును పాత చాపలో చుట్టి తాళ్లతో కట్టాం. నేనూ లాజరూ పిల్లవాణ్ణి బోర్డింగులో దిగబెట్టి వద్దామని బయలుదేరాం. తెల్లవారేసరికి కాలువ రేవులో పడవ కోసం నిలబడ్డామో లేదో, గొడుగు పట్టుకుని మునసబు సత్తిరాజుగారు దిగారు. కోర్టు పని మీద ఆయనా రాజమండ్రికే. లాజరు తువాలు చంకలోకి పోయింది.

"ఏంట్రా పంతులూ, ఆ మూట?" అన్నాడాయన.

ఇప్పుడు చెబుతాడు అనుకున్నాను. మావాడు కాలేజీకి పోతున్నాడండి, వాడి పరుపండి. అంతే. అయిదే మాటలు. బడిలో రోజుకు వెయ్యి మాటలు చెబుతాడు కదా!

"దొరగారి పరుపండి" అన్నాడు లాజరు. "రాజమండ్రి మిషను దొరగారిదండి. బంగళాకి చేరవెయ్యమన్నారండి."

సామ్యేలు వాళ్ల నాన్న వైపు ఒక్కసారి చూసి తల తిప్పుకున్నాడు. ఆ చూపు లాజరు చూశాడు.

మునసబు ముఖం వికసించింది. ఆయన అల్లుడికి తాలూకా కచేరీలో ఉద్యోగం కావాలి, దానికి ఆ దొర సిఫారసు ఉత్తరం కావాలి. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. "దొరగారిదా! మరి వానలో పెట్టి నిలబడ్డారేంట్రా? లోపల పెట్టండి!" అని కేక వేశాడు.

పడవ మధ్యలో తాటాకు కప్పు. దాని కింద ఊరివాళ్లు కూర్చుంటారు. మాకు బయట, చివర చెక్క మీద చోటు. మా పరుపు లోపలికి వెళ్లింది. మేం ముగ్గురం ముసురులో కూర్చున్నాం. ఇంతటితో అయిందా? కడియం దాటేముందు మునసబుకు కునుకు పట్టింది. పడవవాడి చేత చాప విప్పించి, పరుపు పరిపించి, దర్జాగా వాలాడు. మేం మోసిన మూట కదా, మైల కాదా అంటారేమో. మేం మోసిన ధాన్యం తినడం లేదా? పైగా దొరగారిది! గొడ్డుమాంసం తినే దొర పరుపు మైల కాదు, కడిగిన ముత్యంలాంటి మా సామ్యేలు పరుపు మాత్రం మైల. ఆయన గురక పెట్టాడు. సాహెబు దూది బాగానే ఏకాడని ఆ గురకను బట్టి తెలిసింది.

"చూడరా" అన్నాను లాజరుతో, పళ్లు నూరుతూ. "నీ కొడుకు తడుస్తున్నాడు. నీ కొడుకు పరుపు మీద ఎవడు పడుకున్నాడో చూడు."

"ఊరుకో అక్కా. ధవళేశ్వరంలో దిగాక మన దారిన మనం పోతాంగా."

ధవళేశ్వరం రేవులో ఇంకా బాగా పొద్దుండగానే దిగాం. మునసబు కోసం రాజమండ్రి నుంచి బంధువుల బండి వచ్చి ఉంది. ఆయన ఒళ్లు విరుచుకుని, "పరుపు బండిలో వెయ్యరా. దొరగారి బంగళాలో నేనే స్వయంగా అప్పగిస్తాను. సత్తిరాజు జాగ్రత్తగా తెచ్చాడని ఆయనకీ తెలియాలి కదా" అన్నాడు. బండివాడు పరుపు ఎత్తి బండిలో వేసేశాడు. దిండూ దుప్పట్లూ పడవవాడు మళ్లీ అందులోనే చుట్టేశాడు.

లాజరు నిలబడిపోయాడు. నేను వాణ్ణి గిల్లాను. కదల్లేదు. నేనే నోరు తెరవబోతుంటే సామ్యేలు నా చెయ్యి పట్టుకున్నాడు. వాళ్ల నాన్నతో మెల్లగా అన్నాడు: "పోనీలే నాన్నా. నాకు నేల అలవాటేగా."

కోపంగా అన్నా బాగుండేది. వాడు నిజంగానే తండ్రిని ఓదారుస్తున్నాడు. ఆ మాట వినగానే లాజరు కదిలాడు. బండి దగ్గరికి వెళ్లి, చక్రం పక్కన నిలబడి, "అయ్యగారండి" అన్నాడు. "ఆ పరుపు దొరగారిది కాదండి. మావాడిదండి. సామ్యేలుది. కాలేజీలో చదువుకోడానికి పోతున్నాడండి."

మునసబు ముఖంలో రంగులు మారాయి. రేవులో ముప్పై మంది ఉన్నారు. ఆయన ఆ పరుపు మీద పడుకోవడం పడవలో అందరూ చూశారు. బండి మీద నుంచి వంగి, పళ్ల సందు నుంచి అన్నాడు: "నోర్ముయ్యి. దొరదని నువ్వే చెప్పావు. అది దొరదే. అర్థమైందా? దొరదే!"

అప్పటికి గాని నాకు తెలియలేదు. ఆ పరుపు దొరది కావాలని మాకంటే ఆయనకే ఎక్కువ అవసరం పడింది. అరిచి మమ్మల్ని తన్నించాలన్నా, ఎందుకు తన్నిస్తున్నాడో ఆ ముప్పై మందికీ చెప్పాలి.

"కాదండి. మావాడిదేనండి" అన్నాడు లాజరు మళ్లీ. బడిలో ఎక్కాలు చెప్పే గొంతు. నలుగురు తిరిగి చూశారు. వాడు బండిలోకి చేతులు చాచి పరుపు లాక్కుని నెత్తిన పెట్టుకున్నాడు. మునసబు నోరు తెరిచాడు, చుట్టూ చూశాడు, మూసుకున్నాడు. "తోలరా!" అని బండివాడి మీద విరుచుకుపడ్డాడు.

మా బడి పాక ఉన్నది మునసబు స్థలంలోనే. కాస్త దూరం నడిచాక అడిగాను: "ఒరేయ్, రేపు ఊరికెళ్తే ఏమవుతుందో తెలుసా?"

"తెలుసక్కా" అన్నాడు.

అంతలో ఎదురుగా తమలపాకుల గంపతో ఒక ముసలమ్మ వస్తోంది. ఆవిడ మా వంక కూడా చూడలేదు. లాజరు ఆగి, "మావాడి పరుపమ్మా. కాలేజీకి పోతున్నాడు" అన్నాడు. ఆవిడ బిత్తరపోయి పక్కకు తప్పుకుంది. తర్వాత బండివాళ్లు ఎదురయ్యారు. వాళ్లకీ చెప్పాడు. వాగులో గేదెల్ని కడుగుతున్నవాడికీ, సైకిలు మీద పోతున్న దొరల గుమాస్తాకీ చెప్పాడు. సామ్యేలు సిగ్గుతో చచ్చిపోతున్నాడు. రాజమండ్రి ఇంకా రెండు మైళ్లుంది.

"ఇంక చాల్లేరా, నోరు ముయ్యి" అన్నాను.

ముయ్యలేదు.